అంతర్జాలమున ఆప్తుడెవడు?

యథార్థజ్ఞానమునకు సాధనములెన్ని యను ప్రశ్నకు మన దర్శనకారులు ఏకకంఠముగా సమాధానము చెప్పలేదు. చార్వాకుడు ప్రత్యక్షమొక్కటి చాలుననెను. బౌద్ధులును వైశేషికులును ప్రత్యక్షానుమానములతో తృప్తిపడిరి. నైయాయికులు ఉపమానమును శబ్దమును చేర్చి నాలుగు చేసిరి. మీమాంసకులు, అద్వైతవేదాంతులు ఆ సంఖ్యను ఇంకను పెంచిరి. వీనిలో శబ్దమనగా ఆప్తుని వాక్యము. మన తెలుగువాడైన అన్నంభట్టు బాలుర సుఖబోధకై రచించిన తర్కసంగ్రహమున, ఉన్నదానిని ఉన్నట్లు చెప్పువాడే ఆప్తుడని క్లుప్తముగా నిర్వచించి ముందునకు సాగిపోయెను. ఆయన కాలమునకు ఆ క్లుప్తత సరిపోయినది. ఏలయన చెప్పువాడు వినువాని యెదుటనే కూర్చుండెడివాడు, కానిచో వాని కులగోత్రములో గురుపరంపరయో వినువానికి తెలిసియుండెడిది. చెప్పువాని ముఖము కనబడక, కంఠము వినబడక, వాడున్న దేశమేదో తెలియక, వాక్యము మాత్రమే తెరమీద వెలసినప్పుడు, దానికి వక్త యెవడు, వాడు ఆప్తుడగునా కాదా యని నిర్ణయించుట యెట్లు? చేతిలో ఫోనున్న ప్రతి మనుష్యునికిని నేడు ఈ ప్రశ్న తగులుచునే యున్నది. సైబరు భద్రత యని మనము పిలుచుచున్న శాస్త్రమంతయు, దాని పరిభాషను తొలగించి చూచినచో, శబ్దప్రామాణ్య విచారమే యని నా నిశ్చయము. కొత్తగా నేర్చుకొనువారు ఆ పదములను కంఠస్థము చేయుటకంటె, ఏ సందేహమును తీర్చుటకు ఏ పదము పుట్టినదో గ్రహించినయెడల శాస్త్రము సులభమగును. తామెవరిని ఏ ఆధారమున నమ్ముచున్నారో కూడ వారికి బోధపడును.

మొదట సందేశము ప్రయాణించు విధమును చూతము. మన ఫోనునుండి బయలుదేరిన మాట అఖండముగా పోదు. చిన్నచిన్న ఖండములుగా విడిపోయి పోవును. ఆ ఖండమునకు ప్యాకెట్టు అని పేరు. ప్రతి ప్యాకెట్టు శిరోభాగమున ఎవరినుండి, ఎవరికి అను రెండు సంఖ్యలుండును. వానినే ఐపీ అడ్రసులందురు. చిరకాలముగా వాడుకలోనున్న నాలుగవ కూర్పులో ఈ సంఖ్య పొడవు 32 బిట్లు, అనగా మొత్తము మీద సుమారు 430 కోట్ల చిరునామాలు మాత్రమే సాధ్యము. లోకమునకు అవి చాలకపోగా 128 బిట్ల ఆరవ కూర్పు అవసరమైనది. ఈ ప్యాకెట్టును చేతులు మార్చుచు గమ్యమునకు చేర్చు యంత్రము రూటరు. దానికి సంపూర్ణమైన మార్గము తెలియదు. చేరవలసిన సంఖ్యను చూచి, ఆ దిక్కున తనకు పొరుగుననున్న మరియొక రూటరునకు అప్పగించుట యొక్కటే దానికి తెలిసిన పని. అట్లు అప్పగించునప్పుడెల్ల ప్యాకెట్టుపైనున్న ఆయుఃసంఖ్యలో ఒకటి తగ్గించును. ఆ సంఖ్య సున్న యగుటతోడనే ఆ ప్యాకెట్టును పారవేయును. త్రోవతప్పిన ప్యాకెట్టు కల్పాంతమువరకు తిరుగుచు మార్గములను నింపకుండుటకై చేసిన ఏర్పాటిది.

ఇందులో జిజ్ఞాసువు మనస్సున నిలుపుకొనవలసినది ఒకటున్నది. ఎవరినుండి అను సంఖ్యను వ్రాయువాడు పంపువాడే. ఆ సంఖ్య నిజమైనదా యని మధ్యనున్న రూటరు సాధారణముగా అడుగదు. లోపలి మాట సత్యమా యని అసలే అడుగదు. మిథ్యాచిరునామాతో ప్యాకెట్టును పంపుటనే స్పూఫింగు అందురు. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనువారు 1974లో ప్రతిపాదించిన ఈ సంవిధానము 1983 జనవరి 1వ తేదీన అమెరికాలోని ఆర్పానెట్టునందు అమలునకు వచ్చినది. మార్గమును సరళముగా నుంచి, తెలివినంతయు రెండు కొనలయందుంచుట దాని స్వభావము. దీనిని లోపమని నిందించువారున్నారు. నేను వారితో ఏకీభవింపను. మోసుకొనిపోవు వాడే సత్యాసత్యములను నిర్ణయించు అధికారమును పొందినచో, వాడు కొంతకాలమునకు తనకిష్టములేని మాటను మార్గమధ్యమున త్రుంచివేయుటకు వెనుదీయడు. కాని ఈ తాటస్థ్యమునకు మూల్యమున్నది: పరీక్షాభారమంతయు కొనలయందున్న మనపై పడినది.

మనుష్యునికి సంఖ్యలు జ్ఞప్తియందుండవు, పేర్లుండును. పేరు చెప్పినచో సంఖ్యను చెప్పు వ్యవస్థ డీఎన్‌ఎస్. పూర్వము ఆ పేర్లన్నియు ఒకే పట్టికలో, స్టాన్‌ఫర్డ్ పరిశోధనసంస్థలో, ఉంచబడెడివి. పట్టిక పెరిగి భారమగుటచే 1983లో పాల్ మొకపెట్రిస్ అనునతడు దానిని శాఖోపశాఖలుగా విభజించెను. మనము ఒక పేరు నడిగినప్పుడు మన పక్షమున అడుగు సర్వరు మొదట మూలమును, పిదప దేశనామమునో వర్గనామమునో నిర్వహించువానిని, ఆపైన ఆ పేరుగలవాని సర్వరును వరుసగా అడిగి సమాధానము తెచ్చును. తెచ్చినదానిని కొంతకాలము తన స్మృతియందు నిలుపుకొనును. ఆ స్మృతినే క్యాషు అందురు. 2008లో డాన్ కామిన్‌స్కీ యను పరిశోధకుడు బయటపెట్టిన దోషము ఇక్కడిదే: నిజమైన సమాధానము రాకముందే తగిన గుర్తులతో కల్పితసమాధానము వచ్చిపడునట్లు చేయగలిగినచో, సర్వరు దానినే సత్యమని స్వీకరించి స్మృతిలో నిలుపుకొని, తరువాత అడిగినవారికందరికి అదే చెప్పును. స్మృతి స్వతంత్రప్రమాణము కాదనియు, ఆధారమైన అనుభవము అయథార్థమైనచో స్మృతియు అయథార్థమగుననియు తార్కికులు చెప్పిన మాట ఆ సంవత్సరము యంత్రములయందు రుజువైనది. అనేక సంస్థలు రహస్యముగా సంప్రదించుకొని, ఆ జూలైలో ఒక్కమారుగా సవరణలను విడుదల చేసినవి.

పేరు పలికినంత మాత్రమున ఆ పేరుగలవాడే పలుకుచున్నాడని చెప్పలేమని తేలిన తరువాత, ధ్రువపత్రము అవసరమగుచున్నది. దీనికి పునాది 1976లో డిఫీ, హెల్‌మన్ అను ఇరువురు ప్రకటించిన భావన: తాళపుచెవులు జంటగా నుండును, ఒకటి లోకమునకెల్ల తెలిసినది, రెండవది స్వామి యొక్కని యొద్దనే యుండునది. రహస్యపు చెవితో చేసిన సంతకమును బహిరంగపు చెవితో ఎవరైనను సరిచూడవచ్చును. కాని ఆ సంతకమును మరియొకడు చేయజాలడు. ఈ బహిరంగపు చెవి ఫలానా పేరుగలవానిదే యని మూడవవాడొకడు సంతకము చేసి యిచ్చిన పత్రమే సర్టిఫికెట్టు. అట్లు ఇచ్చుటకు అధికారము వహించిన సంస్థ సర్టిఫికేషన్ అథారిటీ. చిరునామాకు ముందు కనబడు హెచ్‌టీటీపీఎస్ అను అక్షరములలో చివరిది, ఈ పరీక్ష జరిగినదనియు, ఆపైన సాగు సంభాషణ గూఢలిపిలో నున్నదనియు తెలుపును.

కంప్యూటరులో మీ బ్యాంకు పుటను తెరచి, చిరునామా ప్రక్కనున్న చిహ్నమును నొక్కి, వివరములలోనికి పోయి ఆ పత్రమును ఒకమారు నిదానముగా చూడుడు. పైన ఎవరికి ఇచ్చిరో ఆ పేరుండును. దానిక్రింద ఎవరిచ్చిరో ఆ పేరుండును. ఎన్నటినుండి ఎన్నటివరకు చెల్లునో ఆ తేదీలుండును. అంకెలు అక్షరములు కలగలసిన పొడవైన ముద్ర యొకటి యుండును. ఇచ్చినవాని పేరును తాకినచో వాని పత్రము కనబడును. దానిని మరియొకడు ఇచ్చియుండును. ఇట్లు సాధారణముగా రెండు మూడు మెట్లెక్కిన తరువాత ఒక విచిత్రమైన పత్రము ఎదురగును. అందులో ఎవరికి అనుచోటను, ఎవరిచ్చిరి అనుచోటను ఒకే పేరుండును. తన్ను గురించి తానే సంతకము చేసికొన్న పత్రమది. దానిని రూటు, అనగా మూలము, అందురు. దానిపైన మెట్టు లేదు.

నైయాయికులకును మీమాంసకులకును శతాబ్దములపాటు సాగిన వివాదము నాకు ఈ మెట్టుకడనే స్ఫురించినది. జ్ఞానము యథార్థమని తెలియుట పరతః, అనగా వేరొక ఆధారముచేత, అని నైయాయికుడు వాదించెను: నీరు కనబడినది, పోయి త్రాగితిమి, దప్పి తీరినది, కావున చూచినది నీరే. మీమాంసకుడైన కుమారిలభట్టు దీనిని ఖండించెను. ఒక జ్ఞానమునకు మరియొక జ్ఞానము సాక్ష్యము కావలెనన్నచో, ఆ సాక్ష్యమునకు సాక్ష్యమేది? దానికి మరియొకటి, దానికి ఇంకొకటి, ఇది అనవస్థ. కాబట్టి జ్ఞానము స్వతః ప్రమాణము. దానిని బాధించు వేరొక జ్ఞానమో, దాని కారణమున దోషమున్నదను ఎరుకయో కలుగునంతవరకు దానిని నమ్మవలసినదే. మన బ్రౌజరు క్రిందిమెట్లయందు నైయాయికుడై ప్రతిపత్రమునకు పైవాని సాక్ష్యమడుగుచున్నది. మూలమునొద్దకు చేరగానే మీమాంసకుడై, ఇక అడుగకుండ నమ్ముచున్నది. అట్టి మూలములు మనము కొన్న యంత్రముతోడనే నూరింటికి పైగా వచ్చుచున్నవి. వానిలో ఒక్కదానినైనను మనమెవరమును ఎన్నుకొనలేదు.

నైయాయికుని పరీక్ష ఇచ్చట ఆలస్యమగునని కూడ గ్రహింపవలెను. ఎండమావిని నీరని భ్రమించి పోయినవాడు దప్పితో తిరిగివచ్చును. వానికి నష్టము శ్రమ మాత్రమే. కల్పితమైన బ్యాంకుపుటను నిజమని తలచి రహస్యసంఖ్యను వ్రాసినవానికి ఫలముచేత సత్యము తెలియుసరికి సొమ్ము పోయియుండును. ఫలపరీక్షకు ముందే నిర్ణయము కావలసినచోట మీమాంసకుని త్రోవయే శరణ్యము. కాని ఆ త్రోవయందును ఒక చిక్కున్నది. దానిని దాటవేయుట నిజాయితీ కాదు. కుమారిలుడు స్వతఃప్రామాణ్యమును స్థాపించినది ప్రధానముగా వేదముకొరకు. వేదము అపౌరుషేయము, వక్తయే లేడు గనుక వక్తృదోషమునకు అవకాశము లేదు అని ఆయన వాదము నడచినది. మన మూలపత్రములు పౌరుషేయములు. వానిని మనుష్యులు తయారుచేసిరి, మనుష్యులు కాపాడుచున్నారు. లోభము, అలసత, భయము మొదలైన మనుష్యదోషములన్నియు వాని చెంతనే యున్నవి. అపౌరుషేయవాక్యమునకు ఇచ్చెడి శ్రద్ధను పౌరుషేయవాక్యమునకు ఇచ్చుచున్నాము. ఈ యుగపు విశ్వాససంకటము నా దృష్టిలో ఇదియే.

అట్టి శ్రద్ధ భంగపడిన సందర్భములును గలవు. 2011లో నెదర్లాండ్సు దేశమునందలి డిజినోటార్ అను ధ్రువీకరణసంస్థలోనికి ఎవరో చొరబడి, ఐదువందలకు పైగా మిథ్యాపత్రములను పుట్టించిరి. అందొకటి గూగుల్ పేరిట నుండెను. ఇరాను దేశమున సామాన్యజనుల ఉత్తరములను మధ్యలో చదువుటకు అది వినియోగపడెను. ఆ ప్రజలు చేసిన తప్పేమియు లేదు. వారి తెరపై పేరు సరిగానే యున్నది, పత్రము సరిగానే యున్నది, గూఢలిపియు సరిగానే యున్నది. చెడినది వారెన్నడును పేరు వినని ఒక దూరపు సంస్థ. గూగుల్ బ్రౌజరు తన సొంతపత్రములు ఎట్లుండవలెనో ముందే గుర్తుంచుకొన్నదగుటచే, ఆ ఆగస్టునెలలో ఒక వినియోగదారునికి హెచ్చరిక కనబడినది. అతడు దానిని లోకమునకు చెప్పెను. కుమారిలుని పరిభాషలో బాధకజ్ఞానము ఉదయించినది. బ్రౌజరులన్నియు ఆ మూలమును తొలగించినవి. సెప్టెంబరునందే ఆ సంస్థ దివాలా తీసినది. ఇతరదేశముల మాట యేల? 2014 జూలైలో మన దేశమున నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటరు పరిధిలోని ధ్రువీకరణశాఖనుండియు గూగుల్ పేరిట అనధికారపత్రములు వెలువడినట్లు బయటపడినది. డిజినోటార్ వంటి అనుభవములు పురికొల్పగా వెలసినదే సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ: ఇచ్చిన ప్రతిపత్రమును, చేర్చుటకే గాని చెరుపుటకు వీలులేని బహిరంగపు చిట్టాలో నమోదు చేయవలెనను నియమము. తన పేరిట ఎవరెవరు పత్రములు పుట్టించిరో ఎవడైనను అందు వెదకి చూచుకొనవచ్చును.

ఇంతవరకు చెప్పినది వక్త ఎవడను ప్రశ్నకు సంబంధించినది. వాడు ఆప్తుడా యను ప్రశ్న వేరు. కొత్తవారు పొరబడునది ఈ రెంటి నడుమనే. వాత్స్యాయనుడు న్యాయభాష్యమున ఆప్తునికి మూడు లక్షణములను చెప్పెను: విషయమును స్వయముగా ఎరిగియుండుట, భూతములయందు దయ, ఉన్నదానిని ఉన్నట్లు తెలుపవలెనను కోరిక. ఋషికైనను ఆర్యునికైనను మ్లేచ్ఛునికైనను ఈ లక్షణము సమానమేయని కూడ ఆయన స్పష్టపరచెను. ధ్రువపత్రము ఈ మూటిలో ఒక్కదానికిని పూచీపడదు. ఫలానా పేరు ఫలానా చెవిగలవాని స్వాధీనమున నున్నదని మాత్రమే చెప్పును. బ్యాంకు పేరులో ఒక్క అక్షరమును మార్చి కొత్తపేరును కొన్న వంచకునికిని ఉచితముగా, నిమిషములలో, నిర్దుష్టమైన ధ్రువపత్రము లభించును. ఆ పేరు వానిదే గనుక ఆ పత్రము అబద్ధమును కాదు. తాళపుగుర్తును చూచి జనులు దానిని సత్యసంధతకు గుర్తుగా భ్రమించుచున్నారని గ్రహించియే 2023లో క్రోమ్ బ్రౌజరునుండి ఆ గుర్తును తీసివేసిరి. ఆ నిర్ణయమును నేను హర్షించుచున్నాను. గుర్తు అబద్ధమాడకపోయినను, చూచువాని మనస్సున అబద్ధమును పుట్టించుచుండెను.

పేరుపోలికతో వంచించు ఈ విద్యకు ఫిషింగు అని పేరు. శాస్త్రజ్ఞులు భ్రమకు ఉదాహరణముగా చెప్పు శుక్తిరజతము దీనికి సరిగా అతుకును. ముత్యపుచిప్ప వెండిగా తోచుటకు మెరుపు పోలిక యొక్కటే చాలదు. చూచువాని మనస్సులో వెండిని గూర్చిన సంస్కారమును ఉండవలెను, దానిపై కోరికయు ఉండవలెను. వంచకుడు తెరపై పోలికను మాత్రమే కల్పించును. మిగిలినది మన లోభముచేతనో భయముచేతనో మనమే పూర్తిచేయుదుము. మీకు సొమ్ము వచ్చినది, స్వీకరించుటకు మీ యూపీఐ పిన్ను నొక్కుడని వచ్చెడి సందేశమును చూడుడు. ఆ వ్యవస్థలో పిన్ను సొమ్ము చెల్లించుటకే గాని పుచ్చుకొనుటకు అక్కరలేదు. ఈ చిన్నవిషయము తెలిసినవాడును, ఆశ రేగిన క్షణమున మరచిపోవుచున్నాడు. భయమునకు ఉదాహరణము డిజిటల్ అరెస్టు: పోలీసు వేషముతో వీడియోకాలులో కనబడి, మిమ్ము నిర్బంధించితిమి, తెరయెదుటినుండి కదలరాదని వృద్ధులను గంటలతరబడి కూర్చుండబెట్టి ధనము లాగుట. అట్టి నిర్బంధము మన చట్టములలో ఎక్కడను లేదు. ఈ వంచకులకు మన పేరు, ఉద్యోగము, ఖాతా చివరి అంకెలు తెలిసియుండుటచే జనులు నమ్ముచున్నారు. వాత్స్యాయనుని మూడు లక్షణములలో మొదటిది వీరికున్నది. తక్కిన రెండు లేవు. మనలను ఎరిగినవాడెల్ల మన హితుడు కాడు. దయ యున్నవాడు ఎదుటివానికి ఆలోచించుకొనుటకును ఇంటివారి నడుగుటకును వ్యవధి నిచ్చును. తొందరపెట్టుటయు, ఎవరికిని చెప్పవలదనుటయు కనబడినచోట సంభాషణను నిలిపివేయవలెను. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను.

వక్తను మనము పరీక్షించునట్లే అంతర్జాలమును మనలను పరీక్షించును. పాస్‌వర్డు, ఓటీపీ మొదలైనవన్నియు ఆ పరీక్షలే. ఇందులో నాకు గౌరవము కలిగించు ఏర్పాటొకటున్నది. సక్రమముగా నడుచు సర్వరు మన పాస్‌వర్డును దాచుకొనదు; దానికి కొంత యాదృచ్ఛికపదార్థమును కలిపి, వెనుకకు త్రిప్పరాని గణితప్రక్రియచే పుట్టించిన హ్యాషు అను ముద్రను మాత్రమే దాచుకొనును. మన రహస్యము తనకు తెలియకయే మనలను గుర్తించును. కావున బ్యాంకువారమని చెప్పి పాస్‌వర్డును నోటితో చెప్పుమని యడుగువాడు, ఆ ప్రశ్నచేతనే తాను బ్యాంకువాడు కాడని చెప్పుకొనుచున్నాడు.

తిరిగి మూలమునొద్దకు వత్తము. పౌరుషేయమైన మూలమును నమ్మక తప్పనప్పుడు ఆ మనుష్యులు ఎట్లు నడచుకొనవలెను? దీనికి గ్రంథములలోకంటె ఆచరణలో మంచి సమాధానమొకటి నాకు కనబడినది. డీఎన్‌ఎస్ సమాధానములకును సంతకములుండవలెనని నిర్ణయించి, వాని శిఖరమునందలి మూలపు చెవిని 2010లో సృష్టించిరి. దానిని వినియోగించు క్రతువు నాటినుండి సాధారణముగా సంవత్సరమునకు నాలుగు పర్యాయములు అమెరికాలో, వర్జీనియా రాష్ట్రపు కల్‌పెపర్‌లోనో కాలిఫోర్నియాలోని ఎల్ సెగుండోలోనో జరుగుచున్నది. క్రతువను మాటను నేను అలంకారముగా వాడుటలేదు. వారును దానిని అట్లే పిలుచుచున్నారు. ఒక్కొక్క స్థలమునకు వివిధదేశములనుండి ఎన్నుకొనబడిన ఏడుగురు విశ్వాసపాత్రులుందురు. వారిలో కనీసము ముగ్గురు హాజరై తమ కార్డులను వినియోగించినగాని చెవినుంచిన యంత్రము పనిచేయదు. ఏ ఒక్కరు ఎంత ఉత్తములైనను ఒంటరిగా ఏమియు చేయజాలరు. చేయవలసిన పనులు, చదువవలసిన అంకెలు మొదలైనవన్నియు ముందే ప్రయోగక్రమముగా వ్రాసి ప్రకటింతురు. ప్రతిమెట్టు పూర్తియైన వేళను వ్రాసికొందురు. క్రమము తప్పినచో తప్పినదని అందే వ్రాయుదురు. జరుగుచుండగనే దృశ్యమును లోకమునకు ప్రసారము చేయుదురు.

ఇందు పాల్గొనువారు ఋషులని ఎవరును చెప్పలేదు, వారును చెప్పుకొనలేదు. వారికి ఇంద్రియజయమున్నదని కాని, లోభము లేదని కాని ఊహించి ఈ పద్ధతిని కల్పింపలేదు. మనుష్యుడు పొరబడును, ప్రలోభపడును, భయపడును అని అంగీకరించి, ఆ పొరబాటు పదిమంది కండ్లయెదుట పడునట్లు కల్పించిరి. కుమారిలుడు పురుషదోషము సోకని వాక్యమును ఆశ్రయించెను. వీరు పురుషదోషము మరుగుపడని ఏర్పాటును వెదకుచున్నారు. మొదటిదానియందు నాకు భక్తి యున్నది. దానిని విడువవలసిన పనియు లేదు. కాని మనుష్యులు మనుష్యులకు ఇచ్చుకొను మాటవిషయమున రెండవదానిని మించినది నాకింకను కనబడలేదు. 2020 ఫిబ్రవరిలో ఎల్ సెగుండోలో క్రతువునకు ముందు ఒక భద్రపేటిక తాళము చెడి తెరచుకొనలేదు. నిర్వాహకులు ఆ సంగతిని వెంటనే ప్రకటించి, క్రతువును వాయిదావేసి, తాళములపనివానిని పిలిపించి పేటికను తొలిపించి తెరపించిరి. కొద్దిదినముల తరువాత అదే స్థలమున, సాక్షుల యెదుట, వ్రాసిపెట్టిన క్రమము ప్రకారము సంతకములు జరిగినవి.